కొరికిన రొట్టె వైశాల్యం

నవంబరు 4, సోమవారం

చిరంజీవి కోడలికి అత్తయ్య ఆశీస్సులు.

ఇక్కడ నా మోకాళ్ళు తప్ప మిగతా అందరం క్షేమం. అక్కడ నువ్వూ, నీ కడుపులో ఉన్న బుజ్జి మనిషీ బాగున్నారని మా అబ్బాయి చెప్పాడు. డాక్టరమ్మ మంచం దిగొద్దందంటే ఊరికే అనలేదు. నువ్వేమో మీ అమ్మగారి కళ్ళుగప్పి అలమారాలు సర్దుతున్నావట. అదీ వాడే చెప్పాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలియనిది కాదు, కాబట్టి బుద్ధిగా పడుకో.

ఇక అసలు సంగతి. ఈ రోజు నుంచి నీ నాలుగో తరగతి నా చేతికి వచ్చింది. ఏడాది మధ్యలో కొత్త టీచరు దొరకదు, మీరు ఈ బడిలోనే రిటైరయ్యారు, కోడలు తిరిగొచ్చేదాకా మీరే చూసుకోండి అని హెడ్మాస్టరు స్వయంగా ఇంటికొచ్చి అడిగారు. అడగ్గానే ఒప్పుకుంటే చులకనైపోతామని ఆయన మంచినీళ్ళు తాగేదాకా ఆలోచిస్తున్నట్టు నటించాను. మీ మావయ్యగారు మాత్రం అప్పటికే నా చెప్పులు తెచ్చి గుమ్మం ముందు పెట్టేశారు.

నిన్ను టీచర్ అనే పిల్లలు నన్ను పెద్ద టీచర్ అంటున్నారు. వయసును బట్టో ఒళ్ళును బట్టో నేను అడగలేదు.

హెడ్మాస్టరు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. కిందటేడు బయటి పరీక్షలో మన బడి మొత్తం వైశాల్యం దగ్గరే బోర్లాపడింది. లోపల ఎంత చోటుందో చెప్పమంటే పిల్లలు చుట్టూ ఉన్న అంచు కొలిచి రాసి వచ్చారు. అందుకని డిసెంబరు మొదటి వారంలో ఒకావిడ బయటి నుంచి వచ్చి, నీ క్లాసుకి వైశాల్యం ఒక్కదాని మీదే పరీక్ష పెడుతుంది. నీది తాత్కాలిక పోస్టు. క్లాసు నెగ్గితే ఖాయం చేస్తారు, లేకపోతే వచ్చే ఏడు నీ కుర్చీలో ఇంకొకరు. ఈ మాట నీకు ముందే తెలుసనీ, అందుకే మంచం మీద కూడా నిద్రపట్టక దొర్లుతున్నావనీ నాకు తెలుసు. దిగులు పెట్టుకోకు. జీవితమంతా వైశాల్యం చెప్పిన చెయ్యి ఇది.

ఈ కింది మాట కోపం తెచ్చుకోకుండా చదువు. నువ్వు అట్టలు కత్తిరించి చదరాలు చేసి దాచుకున్న పెట్టె ఉంది చూడు, దాన్ని అలమారా నెత్తికి ఎక్కించాను. ఈ విషయం మీద మనిద్దరికీ జరిగినంత వాదన మన ఇంట్లో ఇంక దేని మీదా జరగలేదు. వైశాల్యం అన్న మాట వినబడితే చాలు, మీ మావయ్యగారు పేపరు చంకన పెట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయేవారు. పిల్లలు ముందు ముక్కలు పరిచి చూడాలి, లెక్క ఆ తరవాత అని నీ పట్టు. సూత్రం నోటికొస్తే లెక్క దానంతటదే వస్తుందని నా పట్టు. మా అత్తగారు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అని నువ్వు మీ ఆయనతో అన్న మాట వంటింట్లో ఉన్న నాకు శుభ్రంగా వినబడింది.

ఆ మూడుకాళ్ళ కుందేలు ఈ రోజు ఎంత జోరుగా పరిగెత్తిందో విను. పొడవు ఇంటూ వెడల్పు అని క్లాసంతా ఒక్క గొంతుతో అందుకునేసరికి పక్క సెక్షను పిల్లలు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. బోర్డు మీద పది లెక్కలిచ్చాను. అందరికీ పదికి పది. నత్త అని పేరు పడ్డ మీ మూడో బెంచీ పిల్లాడు, అందరూ పెన్సిళ్ళు కింద పెట్టాక చాలాసేపు రాశాడు కానీ, వాడికీ పదే. హెడ్మాస్టరు కిటికీలోంచి చూసి తలూపి వెళ్ళారు.

హాయిగా నిద్రపో అమ్మాయ్. నీ ఉద్యోగం నా పూచీ.

ఇట్లు,
నీ మేలు కోరే అత్తయ్య


నవంబరు 16, శనివారం

చిరంజీవి కోడలిని దీవించి అత్తయ్య రాస్తున్న సంగతులు.

బుజ్జి మనిషి కాళ్ళు ఆడిస్తోందని తెలిసి మీ మావయ్యగారు వీధిలో కనబడ్డవాళ్ళందరికీ చెప్పి వచ్చారు. నాకూ సంతోషంగా ఉంది. ఇంతకు మించి శుభవార్తలు లేవు. మిగతాది కాస్త మనసు గట్టి చేసుకుని చదువు.

గురువారం బోర్డు మీద ఎనిమిది పొడవు, ఆరు వెడల్పు గీసి, ఇది రొట్టె అనుకోండి అన్నాను. నలభై ఎనిమిది అని అరిచారు. భేష్ అన్నాను. కుడివైపు పైమూల మూడు పొడవు, రెండు వెడల్పు ఉన్న ముక్క గీసి తుడిచేసి, ఇదిగో కొరికేశాం, ఇప్పుడెంత మిగిలింది అన్నాను. అందరూ తలలు వంచి రాశారు. నేను బెంచీల మధ్య నడుస్తూ చూసుకుంటూ వచ్చాను. యాభై నాలుగు. ఏ వరసలో చూసినా యాభై నాలుగు. ఎనిమిదార్లు నలభై ఎనిమిది, మూడు రెళ్ళు ఆరు, రెండూ కలిపేశారు.

అప్పుడు ప్రశ్నలపుట్ట లేచింది. ఆ పిల్లకి ఆ పేరు నువ్వే పెట్టావట కదా, తగిన పేరు. కొరికితే రొట్టె పెరుగుతుందా పెద్ద టీచర్, అలాంటి రొట్టె మా ఇంట్లో కూడా ఒకటుంటే బావుండు అంది. క్లాసంతా పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను కానీ నా చేతిలో సుద్దముక్క విరిగిపోయింది.

సరే, మొదటి నలభై ఎనిమిది ఉంది కదా, నలభై ఎనిమిది ఏమిటి అని అడిగాను. ముందు బెంచీ అమ్మాయి చాలాసేపు ఆలోచించి, జవాబు టీచర్ అంది. నలభై ఎనిమిది జవాబులట! పొడవు ఇంటూ వెడల్పు అని చిలకల్లా పలుకుతున్నారు, ఆ పలికేది లోపలున్న చోటు గురించని ఒక్కళ్ళకీ గుర్తు లేదు. చివరికి నత్త చెయ్యెత్తాడు. పెట్టె ఉంటే చెప్పేవాడిని, పెట్టె మీరు పైన పెట్టేశారుగా అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు, ఉన్న మాట చెప్పాడంతే.

అటెండరుని పిలిచి పెట్టె దింపించాను. ఇది చదివి నవ్వకు. నవ్వుకో, పోనీ.

నిన్న బెంచీల మీద చదరాలు పరవమన్నాను. రెండూ ఒకే కొలత బెంచీలు, కానీ ఒక జట్టుకి ముప్పై రెండు పట్టాయి, ఇంకో జట్టుకి ఇరవై ఏడే పట్టాయి. మా బెంచీ పెద్దదంటే మాది పెద్దదని జుట్లు పట్టుకోబోయారు. నేను జవాబు చెప్పడానికి నోరు తెరిచేలోపు ప్రశ్నలపుట్ట రెండు బెంచీల మధ్య దూరి, మీ చదరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, వాళ్ళ చదరాల మధ్య సందులున్నాయి, ఇది మన టీచర్ ఉన్నప్పుడే తేలిపోయిన గొడవ కదా అని ఇద్దరినీ కసిరింది. మళ్ళీ పరిచారు. రెండింటికీ ముప్పై వచ్చాయి. నువ్వు మంచమెక్కక ముందు ఏం చెప్పావో, వీళ్ళ తలల్లో ఎంత ఉందో నాకు అప్పుడు గానీ కొద్దిగా అర్థం కాలేదు. నా పాటతో దాని మీద దుప్పటి కప్పాను.

ఇప్పుడు అసలు బాధ. దాచాలనుకున్నాను, కానీ నీ ఉద్యోగం గురించిన మాట నీకే చెప్పకపోవడం ధర్మం కాదు. నిన్న సాయంత్రం హెడ్మాస్టరు నన్ను గదికి పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మొదటి రోజు పదికి పది ఆయన మనసులో ఉండిపోయింది. ఈ పరీక్ష నెగ్గితే పోస్టు మీకే ఇద్దామనుకుంటున్నాను, రిటైరైనవాళ్ళని తీసుకోవడానికి వీలుంది, ఫలితం ఎవరి చేతిలో వస్తే పోస్టు వాళ్ళదే కదా, ఇంట్లోనే ఉంటుంది లెండి అన్నారు. ఇంట్లోనే ఉంటుందట! ఉద్యోగం అంటే గొడుగనుకున్నారేమో, ఎవరు బయటికి వెళ్తే వాళ్ళు పట్టుకుపోవడానికి. క్లాసుకి చెప్పింది నా కోడలండీ, నేను నాలుగు రోజులు కాపలా కూర్చున్నానంతే అన్నాను. మీ మంచితనం మాకు తెలీదా అని నవ్వారు. నన్ను మంచిదాన్ని అన్నవాళ్ళు ఈ ఊళ్ళో ఆయన ఒక్కరే, అదీ ఇలాంటప్పుడే అనాలా?

ముందు నుయ్యి, వెనక గొయ్యి. క్లాసు ఓడితే నీ పోస్టు పోతుంది. నెగ్గితే నా వల్ల పోతుంది. నీ కుర్చీలో నేను కూర్చోను, అది మాత్రం రాసి పెట్టుకో. కానీ నెగ్గినా అది నీదేనని ఆయన్ని ఎలా ఒప్పించాలో నాకింకా తోచలేదు.

ముందు పిల్లలు గట్టెక్కాలి. ఇక్కడి నుంచి పాఠం ఎలా నడపాలో వివరంగా రాయి. ఒక మెట్టు దిగి అడుగుతున్నాను, ఆలస్యం చెయ్యకు.

ఇట్లు,
అత్తయ్య


డిసెంబరు 6, శుక్రవారం

చిరంజీవి కోడలికి, బుజ్జి మనిషికి, మీ అమ్మగారికి, ఆ ఇంట్లో ఈ ఉత్తరం వినగలిగిన అందరికీ అత్తయ్య శుభాకాంక్షలు.

నెగ్గాం! గట్టిగా చదివి వినిపించు, నెగ్గాం. ఈ ఒక్క మాట రాయడానికి పొద్దున్నించీ చేతులు దురదపెడుతున్నాయి. నువ్వు మాత్రం ఎగిరి గంతెయ్యకు, పడుకునే సంతోషించు.

వరసలో చెబుతాను. వివరంగా రాయమంటే నువ్వు రాసింది రెండే మాటలు. చెప్పకండి, అడగండి. అది చదివి మీ మావయ్యగారు నవ్విన నవ్వుకి కళ్ళజోడు జారి ఒళ్ళో పడింది. నిన్ను చెప్పొద్దనడమూ, కాకిని అరవొద్దనడమూ ఒకటే అన్నారు. ఆ పట్టుదలతోనే నోరు కట్టేసుకున్నాను. ఇది ఎంత, ఎలా తెలిసింది, ఇంకోలా పరిస్తే ఏమవుతుంది, ఈ మూడే అడుగుతూ వచ్చాను. నాలుక కొరుక్కుని కొరుక్కుని పుండు పడింది.

ఒక రోజు గది నేల మీద సుద్దతో పెద్ద దీర్ఘచతురస్రం గీసి చదరాలు పరవమన్నాను. నత్త ఒక్కొక్కటీ వేలు పెట్టి లెక్కపెడుతూ, ఎవరో తుమ్మితే మరిచిపోయి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. అలా రెండు మూడుసార్లయ్యాక వాడికి విసుగొచ్చింది. ఎన్నిసార్లు లెక్కపెట్టాలి టీచర్, ఒక వరసకి తొమ్మిది ఉన్నాయి, అలాంటి వరసలు ఏడు, తొమ్మిదేళ్ళు అరవై మూడు, ఇంక నేను లెక్కపెట్టను అన్నాడు. నేను ఊళ్ళో తరతరాల పిల్లల చేత వల్లె వేయించిన సూత్రం అది. వాడికి ఎవరూ చెప్పలేదు, వాడి ఓపిక అయిపోయిన చోట అది పుట్టింది. నాకు ఏడుపొచ్చింది. సుద్దపొడి పడిందని కళ్ళు తుడుచుకున్నాను.

ఇక నిన్నటి పరీక్ష. వచ్చినావిడ నీకంటే చిన్నది. వస్తూనే నన్ను వెనక బెంచీలోకి వెళ్ళి కూర్చోమంది. నేను మాటా పలుకూ లేకుండా కూర్చున్నాను. నమ్మకం కుదరకపోతే హెడ్మాస్టరుని అడుగు, ఆయన గుమ్మంలోనే ఉన్నారు, గోళ్ళు కొరుకుతూ.

మొదటి ప్రశ్నలో గచ్చు మీద చాప పరిచిన బొమ్మ. పై వరసలో ఏడు పలకలు కనబడుతున్నాయి, పక్క వరసలో ఐదు, మిగతావన్నీ చాప కింద. మొత్తం ఎన్ని అని అడిగింది. ప్రశ్నలపుట్ట ఊరుకుంటుందా, మూల పలకని పై వరసలో లెక్కపెట్టాలా, పక్క వరసలో లెక్కపెట్టాలా అని లేచింది. నువ్వేమనుకుంటున్నావు అని ఆవిడ ఎదురడిగింది. అది రెండు వరసల్లోనూ నిలబడింది కానీ ఉన్నది ఒక్కటే కదా, సరే నాకు తెలిసిపోయింది అని కూర్చుంది. ఏడైదులు ముప్పై ఐదు అని దాదాపు అందరూ రాశారు. కిందటేడైతే కనబడ్డవే లెక్కపెట్టి వచ్చేవాళ్ళు.

రెండో దాంట్లో ఒక కాగితాన్ని కోసి, ముక్కలు అటూ ఇటూ మార్చి అంటించి, ఇప్పుడు వైశాల్యం పెరిగిందా తగ్గిందా అంది. ముందు బెంచీ అమ్మాయి, నలభై ఎనిమిది జవాబులన్న పిల్లే, ముక్కలు చోటు మారాయి గానీ ఎక్కడికీ పోలేదు కదా అని రాసింది. ఆవిడ ఆ కాగితం రెండుసార్లు చదువుకుంది. మూడోది మూల కొరికిన ఆకారం. చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది అమ్మాయ్, ఒక్క రొట్టె కూడా పెరగలేదు.

నాలుగోది అన్నిటికంటే గట్టిది. చుట్టుకొలత పెరిగితే వైశాల్యం తప్పకుండా పెరుగుతుందా, అవునో కాదో రాసి బొమ్మ గీసి చూపించండి అంది. అందరూ ఇచ్చేశాక కూడా నత్త రాస్తూనే ఉన్నాడు. హెడ్మాస్టరు గడియారం చూసుకుంటుంటే, ఉండనివ్వండి, ఇది పరుగు పందెం కాదు అని ఆవిడే ఆపింది. వాడు నాలుగుకి నాలుగు గళ్ళ చతురస్రం గీశాడు. పక్కన ఒక గడి వెడల్పు, తొమ్మిది గళ్ళ పొడవున్న సన్నని పట్టీ గీశాడు. మొదటిదానికి చుట్టూ పదహారు, లోపల పదహారు. రెండోదానికి చుట్టూ ఇరవై, లోపల తొమ్మిదే. కాబట్టి కాదు అని రాసి, కాగితం ఇచ్చి, నీళ్ళు తాగడానికి వెళ్ళాడు. వాడొక్కడే కాదు, ముప్పావు క్లాసు కాదనే రాసింది. మొదటి నెలలో నువ్వు పన్నెండు చదరాలిచ్చి ఎన్ని ఆకారాలు చెయ్యగలరో చెయ్యమన్నావట. ఏ ఆకారానికి చుట్టూ నూలు ఎక్కువ పట్టిందో చూడమన్నావట. అది వాళ్ళు మరిచిపోలేదు.

ఈ రోజు పొద్దున ఫలితం తెలిసింది, ముప్పై ఒక్కమందిలో ఇరవై ఏడుగురు నెగ్గారు. మన బడిలో ఇలాంటిది నేను చూడలేదు, హెడ్మాస్టరూ చూడలేదు. సాయంత్రం బడి వదిలాక పిల్లలు గేటు దాటి వీధి మలుపు దాకా, కొరికితే తగ్గుద్ది, కొరికితే తగ్గుద్ది అని పాడుకుంటూ పోయారు. దారిన పోయేవాళ్ళు ఏమనుకున్నారో మరి.

నీ పోస్టు ఖాయమైంది. ఉత్తర్వు నకలు ఈ కవరులోనే పెట్టాను, నీ పేరు సరిగ్గా పడిందో లేదో చూసుకో. హెడ్మాస్టరు మొదట నన్నే ఉండమన్నారు కానీ తరవాత మనసు మార్చుకున్నారు. పెద్ద వాదనేమీ జరగలేదు. వచ్చే ఏడు మిగతా సెక్షన్ల టీచర్లకి కూడా నువ్వే ఈ పద్ధతి చూపించాలట. అట్టలు ఇప్పటి నుంచే పోగుచెయ్యమని మీ మావయ్యగారికి పని అప్పజెప్పాను. ఇంట్లో ఒక్క డబ్బా మూత కూడా మిగల్లేదు.

అత్త లేని కోడలు ఉత్తమురాలు అంటారు కానీ, అత్త ఉండి కూడా ఉత్తమురాలివి అయ్యావు నువ్వు. కులాసాగా ఉండు. పండంటి బిడ్డని ఎత్తుకుని రా.

ఇట్లు,
ఈ రోజు ఊరంతటికీ కనబడేలా తలెత్తుకు తిరిగిన
నీ అత్తయ్య

తా.క. కవరు అంటించబోయి ఆగాను. హెడ్మాస్టరు మనసు ఎలా మారిందో రాయకుండా దాటేశాను, అది నీకు తెలియాలి. పాఠం ఎక్కడ దారి తప్పుతోందో తెలుసుకోవాలంటే టీచరు కూడా అదే పరీక్ష రాయాలన్నది ఆ వచ్చినావిడ పద్ధతి. నేను వెనక బెంచీలో నోరు మూసుకుని కూర్చున్నది ఆ పని మీదే. మొదటి మూడూ సరిగ్గానే రాశాను. నాలుగోదానికి అవును అని రాశాను. చిన్న దీర్ఘచతురస్రం, పక్కన పెద్ద దీర్ఘచతురస్రం గీసి, అవును కింద రెండు గీతలు కూడా కొట్టాను, అంత ధీమా. అందరికీ శకునం చెప్పే బల్లి తాను కుడితి తొట్లో పడిందట, అదీ సంగతి. పోస్టు మీకే అని హెడ్మాస్టరు అనగానే నా కాగితం, నత్త కాగితం పక్కపక్కన ఆయన బల్ల మీద పెట్టాను. నాకే రాని పాఠం వీళ్ళకి నేనెలా చెప్పానంటారు, ఇది చెప్పిన మనిషి అక్కడ మంచం మీద ఉంది అన్నాను. ఆయన ఇదీ అదీ మార్చి మార్చి చూశారు. కలం తీసి నీ ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. కోడలి కోసం కావాలనే తప్పు రాసి ఉంటానని మీ మావయ్యగారూ, మా అబ్బాయీ తెగ మురిసిపోతున్నారు. నేను వాళ్ళని కాదనలేదు, కాదనను కూడా. నీకు మాత్రం నిజం చెప్పాలి. కావాలని రాయలేదు అమ్మాయ్. నేను నిజంగానే తప్పాను, నువ్వు నిజంగానే నెగ్గావు.